ఒక పాత ఫంక్షన్‌ని తీసేయాలంటే: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చిన్న పనే కదా అని మొదలుపెట్టాను. మా పైథాన్ లైబ్రరీ సీఎస్‌వీ లాంటి పట్టిక ఫైళ్లను చదివి, అందులోని చిక్కుల్ని సర్ది ఇస్తుంది. దాంట్లో రెండు రీడర్లున్నాయి. ఒకటి ఏమీ తెలియని రోజుల్లో రాసింది, రెండోది కాస్త బుద్ధి వచ్చాక రాసింది. పాతదాన్ని వాడొద్దని డాక్యుమెంటేషన్‌లో ఎప్పుడో రాశాం గానీ తీసెయ్యలేదు. దాంతో ప్రతి బగ్‌నీ రెండుచోట్ల సరిచేయాల్సి వస్తోంది. చూసుకునేది ఇద్దరం, అదీ ఉద్యోగాలు పోను మిగిలిన టైంలో. 3.0 వెర్షన్‌లో పాత రీడర్‌ని పీకేద్దాం అనుకున్నాం.

పీకే ముందు నా తోటి మెయింటెయినర్ ఒక ప్రశ్న వేసింది. "దాన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా?"

నోరు పెగల్లేదు. ఇన్నేళ్లుగా రాస్తున్న కోడ్‌ని ఎవరు వాడుతున్నారో, అందులో ఏ ముక్క వాడుతున్నారో నాకు తెలియదు. అమ్మే సాఫ్ట్‌వేర్‌కైతే బిల్లుంటుంది, లైసెన్స్ కీ ఉంటుంది, కొన్నవాళ్ల జాబితా ఉంటుంది. మనది ఎవరైనా దించుకుంటారు, దేనికైనా వాడుకుంటారు. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఏ అవసరానికైనా నడుపుకునే స్వేచ్ఛ ఫ్రీ సాఫ్ట్‌వేర్ నిర్వచనంలో మొట్టమొదటిది. దానికి సున్నా నంబరు కూడా ఇచ్చారు. ఆ సున్నా ఇవాళ నా తలనొప్పి అయింది.

"కొలత" అని ఒక బ్రాంచ్ (అసలు కోడ్‌ని కదపకుండా పనిచేసుకునే విడి ప్రతి) తెరిచాను.

2వ రోజు

కొత్తగా ఏదైనా రాసే ముందు చేతిలో ఉన్న లెక్కలేమిటో చూద్దామని డౌన్‌లోడ్ అంకెల్లోకి దిగాను.

పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలో జరిగే ప్రతి డౌన్‌లోడ్ వివరం గూగుల్ వాళ్ల బిగ్‌క్వెరీ డేటాబేస్‌లో బహిరంగంగా ఉంటుంది, ఎవరైనా క్వెరీ రాసి చూసుకోవచ్చు. అంత వివరం ఎక్కడినుంచి వస్తోందా అని చూస్తే, ఆ ప్యాకేజీల్ని దించే పనిముట్టు పిప్, ప్రతి రిక్వెస్ట్‌తోపాటు యూజర్ ఏజెంట్ అనే పరిచయ వరసలో తన చిరునామా పత్రం లాంటిదొకటి పంపుతోంది: పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ అయితే ఏ డిస్ట్రో, ప్రాసెసర్ రకం, పిప్ వెర్షన్. నేను రోజూ వాడే పనిముట్టే ఇన్నేళ్లుగా లెక్క చెబుతోందన్నమాట, నేనెప్పుడూ గమనించలేదు. కోపం కూడా రాలేదు. ఫైల్ కోసం ఆ సర్వర్ తలుపు ఎలాగూ తట్టాలి. తట్టేటప్పుడు నాకు ఏ రకం ఫైల్ సరిపోతుందో చెప్పడం సహజమే అనిపించింది. ఈ ఆలోచన గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఈ అంకెలతో ఒక ప్రశ్నకి వెంటనే జవాబు దొరికింది. పాత పైథాన్ వెర్షన్లలో దేనికి సపోర్ట్ ఆపేయొచ్చో తెలిసిపోయింది. అది నేను అడగని ప్రశ్న.

అడిగినదానికి మాత్రం ఏమీ లేదు. డౌన్‌లోడ్ అంటే ఫైల్ దిగిందనే. లోపల ఏ ఫంక్షన్ పిలిచారో దానికి తెలియదు. పైగా ఆ అంకె రెండు వైపులా తప్పుతుంది. మా టెస్టులు 5 పైథాన్ వెర్షన్ల మీద, 3 ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడుస్తాయి. దీనికి అనుబంధంగా మేమే చూసుకునే ఇంకో ప్యాకేజీ ఉంది, దాని టెస్టులూ అలాగే నడుస్తాయి, నడిచినప్పుడల్లా ఈ లైబ్రరీని పైపీఐ నుంచే దించుకుంటాయి. అంటే అందులో ఒక అక్షరదోషం సరిదిద్ది పుష్ చేస్తే 15 డౌన్‌లోడ్లు. ఆ లెక్కన మా లైబ్రరీకి వీరాభిమాని నేనే. ఇంకోవైపు, ఒక పెద్ద సంస్థ లోపలి మిర్రర్‌లోకి, అంటే తన సొంత నకలు నిల్వలోకి, ఒక్కసారి దించుకుని వందల మందికి పంచితే మనకు కనిపించేది ఒక్కటే.

మనిషి లేకుండా టెస్టులు నడిపే సీఐ యంత్రాల్ని వడకట్టడానికి పిప్ ఒక గుర్తు పంపుతుంది. అదైనా, సీఐ అని ఆనవాలు దొరికితే "అవును" అంటుంది, దొరక్కపోతే ఖాళీగా వదిలేస్తుంది. "కాదు" అని ఎప్పుడూ అనదు, ఎందుకంటే అలా అని దానికి తెలిసే వీలు లేదు. ఈ నిజాయితీ నాకు నచ్చింది.

4వ రోజు

కోడ్ రాశాను. లైబ్రరీని ఇంపోర్ట్ చేయగానే హోమ్ డైరెక్టరీలో ఒక ఫైల్ ఉందా అని చూస్తుంది, లేకపోతే ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసి దాచుకుంటుంది. ఏ రీడర్ పిలిచారో లెక్కపెట్టుకుని మా చిన్న సర్వర్‌కి పంపుతుంది. యాభై లైన్లు కూడా కాలేదు. సర్వర్ వైపు ఒక పట్టిక, ఒక గ్రాఫ్.

నా లాప్‌టాప్‌లో నడిపాను. గ్రాఫ్ మీద ఒక చుక్క వెలిగింది. మళ్లీ నడిపాను, ఇంకో చుక్క. సిగ్గు లేకుండా చెప్పాలంటే చాలా ఆనందం వేసింది. ఏళ్ల తరబడి చీకట్లోకి రాళ్లు విసిరినవాడికి మొదటిసారి చప్పుడు వినిపించినట్టుంది. ఆ రాత్రి కారణం లేకుండానే ఇరవైసార్లు నడిపాను.

5వ రోజు

ఆనందం ఒక్క పూట.

మా టెస్టుల్లో కొన్ని, ఫైర్‌వాల్‌తో బయటి నెట్ మూసేసిన కంటెయినర్‌లో (యంత్రం లోపల విడిగా నడిచే పెట్టె లాంటిది) నడుస్తాయి. రెండు సెకన్లలో అయ్యే టెస్టు ఇవాళ పన్నెండు సెకన్లు తీసుకుంది. నేను టైమవుట్ పెట్టకపోలేదు, 2 సెకన్లని స్పష్టంగా పెట్టాను. మరి ఈ 10 సెకన్లు ఎక్కడివి?

సగం రోజు పట్టింది దొరకడానికి. పైథాన్‌లో మనం ఇచ్చే టైమవుట్ సాకెట్ తెరుచుకున్నాక జరిగే పనులకే. అంతకుముందు సర్వర్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ వెతుకులాట ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో ఉంటుంది. దాని మీద మన టైమవుట్ పనిచేయదు. లినక్స్‌లో ఈ పని చేసే గ్లిబ్‌సీ లైబ్రరీ మామూలుగా ఒక ప్రయత్నానికి 5 సెకన్లు ఆగుతుంది, 2 సార్లు ప్రయత్నిస్తుంది. అవే నా 10 సెకన్లు. నెట్ అసలు లేకపోతే వెంటనే ఎర్రర్ వచ్చేస్తుంది, ఇబ్బంది లేదు. ఫైర్‌వాల్ ప్యాకెట్లని చప్పుడు చేయకుండా మింగేసే చోటే ఈ తంటా. కట్టుదిట్టమైన ఆఫీసు నెట్‌వర్క్‌లన్నీ దాదాపు అలాగే ఉంటాయి.

సరే, ప్రోగ్రాం పక్కనే సమాంతరంగా నడిచే విడి థ్రెడ్‌లో పెడదాం. డీమన్ థ్రెడ్‌గా పెడితే ప్రోగ్రాం ముగియగానే అది చచ్చిపోతుంది, చిన్న స్క్రిప్టుల లెక్క ఎప్పటికీ అందదు. డీమన్ కాకుండా పెడితే పంపడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాం ముగియదు, అంటే ఆ 10 సెకన్లు మొదట్లోంచి చివరికి జరిగాయంతే. వెబ్ సర్వర్లలో వర్కర్లు ఫోర్క్ అయితే (ఒక ప్రాసెస్ తన నకలుని పుట్టిస్తే) ఇంకో గొడవ: పిల్ల ప్రాసెస్‌లోకి ఆ థ్రెడ్ రాదు, అది పట్టుకున్న తాళం మాత్రం పట్టుకున్నట్టే వస్తుంది. విప్పేవాడు లేని తాళం. ఒకసారి టెస్టు అక్కడే బిగుసుకుపోతే ప్రాసెస్‌ని చంపాల్సి వచ్చింది.

హోమ్ డైరెక్టరీ లేని కంటెయినర్లు, రాయడానికి వీల్లేని డిస్కులు, ప్రాక్సీలు... ఒక్కోదానికి ఒక్కో సర్దుబాటు. సాయంత్రానికి లెక్కపెట్టే కోడ్ నాలుగు వందల లైన్లు దాటింది. కొత్త రీడర్ అసలు తర్కం అంతకంటే చిన్నది.

7వ రోజు

ఇవాళ గుర్తింపు సంఖ్య మీద వాదన. నేను రాసింది ఇది: నెట్‌వర్క్ కార్డుకి తయారీలోనే ఇచ్చే మ్యాక్ అడ్రస్ తీసుకుని, దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256తో హ్యాష్ చేసి, అంటే నేరుగా వెనక్కి తిప్పలేని సంఖ్యగా మార్చి, పంపడం. "హ్యాష్ చేశాం కాబట్టి అజ్ఞాతం" అని కమిట్ సందేశంలో గర్వంగా రాసుకున్నాను కూడా.

నా తోటి మెయింటెయినర్ రివ్యూలో ఒక్క వాక్యం రాసింది. "మ్యాక్ అడ్రస్‌లు ఎన్ని ఉంటాయో లెక్కేశావా?"

లెక్కేశాను. మ్యాక్ అడ్రస్‌లో 48 బిట్లు. మొదటి 24 తయారీదారుకి ఇచ్చిన గుర్తు, వాటి జాబితా బహిరంగమే. మిగిలిన 24 బిట్లకి వచ్చేవి 1,67,77,216. ఒక తయారీదారు గుర్తుని పట్టుకుని అన్నీ హ్యాష్ చేసి పోల్చి చూడడానికి ఎంతసేపు పడుతుంది? స్క్రిప్టు రాసి నా హ్యాష్ నేనే వెతికాను. నీళ్లు తాగి వచ్చేసరికి నా మ్యాక్ అడ్రస్ తెర మీద ఉంది. ఐపీ అడ్రస్‌ని హ్యాష్ చేసినా ఇదే కథ. ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు 2 పవర్ 32, అంటే దాదాపు 430 కోట్లు. వినడానికి పెద్ద అంకె, యంత్రానికి పెద్దది కాదు. వెతికే చోటు చిన్నదైతే హ్యాష్ ఒక పల్చటి తెర మాత్రమే.

ఆ మాట తప్పని రాసి ఇంకో కమిట్ చేశాను. పాతది గిట్ చరిత్రలో ఉండిపోతుంది, ఉండనీ.

పోనీ యాదృచ్ఛిక సంఖ్య పెడదామా? పెట్టొచ్చు. కానీ కంటెయినర్ పుట్టినప్పుడల్లా కొత్త సంఖ్య పుడుతుంది. రోజుకి వందసార్లు బిల్డ్ అయ్యే ఒక్క ప్రాజెక్టు వందమంది కొత్త మనుషుల్లా కనిపిస్తుంది. మనుషుల్ని లెక్కపెట్టాలనే కోరికే అసలు చిక్కు అని అర్థమైంది. మాకు కావాల్సింది మనుషుల లెక్క కాదుగా, పాత రీడర్‌ని పిలుస్తున్నారా లేదా అన్నదే. గుర్తింపు సంఖ్యని మొత్తం తీసేశాను.

తీసేసినా ఐపీ అడ్రస్ మిగిలే ఉంది. అది మనం పంపకపోయినా వస్తుంది, వెబ్ సర్వర్ మామూలుగానే లాగ్‌లో రాసేసుకుంటుంది. మారుతూ ఉండే ఐపీ అడ్రస్ కూడా వ్యక్తిగత సమాచారం కావచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016లోనే చెప్పింది. 2018 నుంచి అక్కడ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లో ఉంది. మా సర్వర్‌లో యాక్సెస్ లాగ్ ఆపేశాను. ఆపేశానని నాకు తెలుసు, అవతలివాళ్లకి ఎలా తెలుస్తుంది? నా మాట నమ్మాలంతే.

8వ రోజు

కోడ్ ముట్టుకోలేదు. ఇంతకుముందు ఈ దారిన నడిచినవాళ్ల చరిత్ర చదివాను.

మ్యాక్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ 2016లో గూగుల్ అనలిటిక్స్‌తో లెక్కలు మొదలుపెట్టింది. వద్దనుకునేవాళ్లే ఆపుకోవాలి, అంటే ఆప్ట్-అవుట్. విమర్శలు వచ్చినా లెక్క ఆపలేదు, 2023లో మాత్రం గూగుల్‌ని వదిలి ఇన్‌ఫ్లక్స్‌డీబీ అనే డేటాబేస్‌కి మారింది. ఏ ప్యాకేజీ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయిందో ఆ అంకెల్ని అందరికీ చూపిస్తుంది. కోడ్ దాచుకునే వేదిక గిట్‌ల్యాబ్ 2019 అక్టోబరులో టెలిమెట్రీ (ఇలా వాడకం లెక్కల్ని తయారీదారుకి పంపడాన్నే అలా అంటారు) ప్రకటించి, వాడకందార్లు తిరగబడితే అదే నెలలో వెనక్కి తగ్గింది. ఆడియో ఎడిటర్ ఆడాసిటీది 2021 మే నెల ముచ్చట. కొత్త యాజమాన్యం కిందికి వచ్చిన వెంటనే గూగుల్, యాండెక్స్ సేవలతో టెలిమెట్రీ కలిపే పుల్ రిక్వెస్ట్ వచ్చింది. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుందని చెప్పినా జనం వినలేదు, చివరికి ఆ ప్రతిపాదన వదులుకున్నారు. ఆప్ట్-ఇన్, అంటే ఒప్పుకుంటేనే, అన్న ఒక్క మాట అన్ని అనుమానాల్నీ తీర్చదని దీన్ని చూస్తే తెలుస్తుంది. లెక్క ఎవరి చేతికి పోతోంది అన్నది విడి ప్రశ్న.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి రెండు. ఒకటి గో భాష. 2023 ఫిబ్రవరిలో అప్పటి గో బృందం సారథి రస్ కాక్స్ గో పనిముట్లకి టెలిమెట్రీ ప్రతిపాదించాడు. మొదట ఆప్ట్-అవుట్ అన్నాడు, చర్చ వేడెక్కాక ఆప్ట్-ఇన్‌కి మార్చాడు. 2024 ఆగస్టులో గో 1.23తో అది బయటికి వచ్చింది. దాని కట్టుబడి ముచ్చటగా ఉంటుంది. లెక్కలు ముందు వాడకందారు డిస్క్ మీదే పోగవుతాయి. పంపడానికి ఒప్పుకుంటేనే వారానికోసారి నివేదిక వెళ్తుంది. ఏయే లెక్కలు తీసుకోవచ్చో ఆ జాబితా బహిరంగం, కొత్త లెక్క కావాలంటే దాన్ని కూడా బహిరంగంగానే ఆమోదించుకోవాలి. ఏదో ఒకరోజు పనికొస్తుందిలే అని అన్నీ పోగేసే అలవాటుకి అక్కడ తావు లేదు.

రెండోది డెబియన్ అనే లినక్స్ రకానిది, పాప్‌కాన్ అంటారు. పూర్తిగా ఆప్ట్-ఇన్. అది కేవలం ఏ ప్యాకేజీ ఉందో చెప్పి ఊరుకోదు, ఈమధ్య వాడారా లేదా అన్నది కూడా చెబుతుంది. దానికోసం ప్రోగ్రాంలో గూఢచారి కోడ్ ఏమీ పెట్టలేదు. ఫైల్‌ని చివరిసారి ఎప్పుడు చదివారో ఫైల్ సిస్టమ్ ఎలాగూ రాసి పెడుతుంది, దాన్నే చూస్తుంది. డిస్క్ వేగం కోసం ఆ రాత ఆపేసుకున్నవాళ్ల దగ్గర ఈ లెక్క చెల్లదు, అది వేరే సంగతి. ఉన్న ఆనవాలుతోనే పని జరుపుకోవడం నాకు బాగా నచ్చింది.

9వ రోజు

మధ్యలో ఒక గణిత సరదా. 1965లో వార్నర్ సూచించిన పద్ధతి నుంచి పెరిగిన చిట్కా ఒకటుంది, సున్నితమైన ప్రశ్నలకి జవాబులు రాబట్టే దారి. ప్రోగ్రాం లోపల ఒక నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే నిజం చెబుతుంది. బొరుసు పడితే రెండో నాణెం ఎగరేసి, దాన్నిబట్టి అవుననో కాదనో చెబుతుంది. ఏ ఒక్కరి జవాబు చూసినా అది నిజమో నాణెమో చెప్పలేం. మొత్తంగా మాత్రం లెక్క తీయొచ్చు. "అవును" జవాబుల వాటాలోంచి 0.25 తీసేసి రెట్టింపు చేస్తే అసలు వాటా వస్తుంది. వందలో 40 మంది అవునంటే, నిజంగా వాడేది 30 మంది.

కాగితం మీద ఎంత బాగుందో! మా అవసరానికి పెట్టి చూశాను. పాత రీడర్‌ని 2 శాతం మంది వాడుతున్నారనుకుందాం, 100 జవాబులు వచ్చాయనుకుందాం. ప్రామాణిక దోషం దాదాపు 9 శాతం పాయింట్లు. రెండు కోసం వెతుకుతుంటే అటూ ఇటూ తొమ్మిది ఊగుతోంది. ఆ ఊపు 1 పాయింటుకి తగ్గాలంటే దాదాపు 7,700 జవాబులు కావాలి. మాలాంటి చిన్న లైబ్రరీకి అన్ని జవాబులు ఎవరిస్తారు? గొప్ప పద్ధతే, కోట్లమంది వాడే బ్రౌజర్లకి.

11వ రోజు

ఈ రోజు కోసమే ఇంతా రాశాననిపిస్తోంది.

గో తరహాలో చేద్దామని నిర్ణయానికొచ్చేశాను: లెక్కలు డిస్క్ మీద, పంపడం ఒప్పుకుంటేనే. ఒప్పుకోలు అడిగే ప్రశ్న రాస్తున్నాను, "పాత రీడర్ వాడకం లెక్కని మాతో పంచుకుంటారా?" అని. రాస్తూ రాస్తూ ఆగాను. ఈ ప్రశ్న ఎక్కడ కనిపిస్తుంది?

హోమ్‌బ్రూ ఒక కమాండ్. ఆడాసిటీకి ఒక కిటికీ ఉంది. గో టెలిమెట్రీ కూడా గో కమాండు, దాని తోటి పనిముట్ల గురించే. గోలో మనం రాసి కంపైల్ చేసుకున్న ప్రోగ్రాంల జోలికి అది రాదు. నేను చదివినవన్నీ పనిముట్ల కథలు. ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడు, అడగొచ్చు. లైబ్రరీ ముందు ఎవరూ ఉండరు. మా లైబ్రరీని ఎవరో తమ లైబ్రరీలో కలుపుకుంటారు, దాన్ని ఇంకెవరో ఒక సర్వీసులో కలుపుకుంటారు, ఆ సర్వీసు ఏ అర్ధరాత్రో ఒక సర్వర్‌లో దానంతటదే నడుస్తుంది. ఆ సర్వీసు రాసినవాళ్లకి మా పేరు కూడా తెలియకపోవచ్చు.

తెర మీద ఒక సందేశం వేద్దామా? లైబ్రరీ ఎప్పుడూ నోరు మెదపకూడదు. మా రీడర్ వాడే ప్రోగ్రాంల అవుట్‌పుట్ నేరుగా ఇంకో ప్రోగ్రాంలోకి పోతుంది. మధ్యలో మన సందేశం దూరితే అది కూడా ఒక డేటా వరస అయిపోతుంది. ఎర్రర్ ప్రవాహంలో వేస్తే, అక్కడేమైనా వస్తే పని ఆపేయమని రాసుకున్న స్క్రిప్టులు ఆగిపోతాయి.

పోనీ డెవలపర్ ఒప్పుకుంటే చాలా? ఆయన తన లాప్‌టాప్‌లో యెస్ అంటాడు. అదే సెట్టింగుతో ప్రోగ్రాం కట్టి ఇంకొకరికి ఇస్తాడు. ఆ ఇంకొకరి యంత్రం నుంచి లెక్క మాకు వస్తుంది. ఆయన యెస్ వాళ్ల యెస్ ఎలా అవుతుంది?

నా తోటి మెయింటెయినర్‌కి ఇదంతా రాసి పంపితే జవాబు వచ్చింది: "మనం అతిథులం. అతిథి ఇంటివాళ్ల బీరువా లెక్కపెట్టి మనింటికి ఉత్తరం రాయడం ఏమిటి?"

లైబ్రరీల్లో, పనిముట్లలో లెక్కలు పంపేవి లేకపోలేదు. హగ్గింగ్ ఫేస్ హబ్ లైబ్రరీకి, స్ట్రీమ్‌లిట్‌కి, నెక్స్ట్‌ జేఎస్‌కి, డాట్‌నెట్ కమాండ్‌కి ఒక్కోదానికి ఆపుకునే స్విచ్ ఉంది. స్విచ్‌లు ఉన్న మాట నిజం, ఒక్కోటి ఒక్కో పేరుతో ఉన్న మాటా నిజం. అన్నిటికీ కలిపి "డూ నాట్ ట్రాక్" అనే ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వాడదామన్న ప్రయత్నం ఉంది, కొన్ని పనిముట్లు గౌరవిస్తాయి. ఒక ప్రాజెక్టులో నలభై డిపెండెన్సీలు (అది ఆధారపడే లైబ్రరీలు) ఉంటే ఏది ఏం పంపుతుందో వెతుక్కుని స్విచ్‌లు కట్టుకునే పని వాడేవాడి నెత్తినే పడుతోంది. ఆ వరసలో ఇంకో స్విచ్ పెట్టాలని నాకు లేదు.

2వ రోజు పిప్ గురించి రాసుకున్నది మళ్లీ చదివాను. అక్కడ కోపం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఆ రిక్వెస్ట్ నేను కోరి పంపింది. సీఎస్‌వీ చదవడానికి నెట్ అక్కర్లేదు.

12వ రోజు

"కొలత" బ్రాంచ్ తొలగించాను. సర్వర్ ఆపేశాను. గ్రాఫ్ మీద ఉన్న చుక్కలన్నీ నావే.

14వ రోజు

మళ్లీ మొదటి ప్రశ్నకి. పాత రీడర్‌ని ఎవరైనా వాడుతున్నారా?

తేలికైన దారి ముందు. పాత ఫంక్షన్‌లో "ఇది వాడొద్దు, తీసేస్తాం" అనే డెప్రికేషన్ హెచ్చరిక ఏళ్లుగా ఉంది, ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఎవరూ వాడట్లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. తీరా చూస్తే ఆ హెచ్చరిక చాలామందికి కనిపించే అవకాశమే లేదు. పైథాన్ 3.7 నుంచి ఆ రకం హెచ్చరిక, నేరుగా నడిపే ప్రధాన ఫైల్‌లోంచి పిలిస్తేనే మామూలుగా తెర మీదికి వస్తుంది. వేరే మాడ్యూల్‌లోంచి పిలిస్తే మింగేస్తుంది. పైటెస్ట్ చూపిస్తుంది గానీ టెస్టులు రాసుకున్నవాళ్లకే. దీనికి తోడు మా సొంత తప్పు: హెచ్చరికలో స్టాక్ లెవెల్ 2 అని ఇవ్వలేదు. దాంతో హెచ్చరిక పిలిచినవాడి లైన్‌ని కాకుండా మా ఫైల్‌లోని లైన్‌ని చూపిస్తోంది. ప్రధాన ఫైల్‌లోంచి పిలిచినా అది మా మాడ్యూల్ ఖాతాలో పడుతుంది కాబట్టి కనిపించదు. అంటే ఇన్నేళ్లూ మేం గోడకి చెప్పుకున్నాం.

ఆ ఒక్క అంకె చేర్చాను, ఒక ప్యాచ్ వెర్షన్ విడుదల చేశాను. ఈ మొత్తం ప్రాజెక్టులో అతి చిన్న కమిట్, బహుశా అతి ముఖ్యమైనదీ అదే. హెచ్చరిక రకాన్ని ఫ్యూచర్ వార్నింగ్‌గా మారిస్తే చివరి వాడకందారుకి కూడా కనిపిస్తుంది. కనిపించి వాళ్లేం చేస్తారు, భయపడడం తప్ప? దాన్ని ముట్టుకోలేదు.

15, 16 రోజులు

బహిరంగ కోడ్‌లో ఫంక్షన్ పేరు వెతికాను. చాలా దొరికాయి, సంబరపడ్డాను, విప్పి చూస్తే సగానికి పైగా మా లైబ్రరీ కాపీలే. ఎవరో తమ ప్రాజెక్టులోకి మా ఫోల్డర్‌ని యథాతథంగా పెట్టుకున్నారు. అవి తీసేస్తే నిజంగా పిలిచేవి కొన్ని మిగిలాయి, ఎక్కువ భాగం ఎప్పుడో ఆగిపోయిన ప్రాజెక్టులు.

తర్వాత రస్ట్ భాష వాళ్ల క్రేటర్ అనే పనిముట్టు గుర్తొచ్చింది. కంపైలర్‌లో మార్పు చేసేముందు, బయట అందుబాటులో ఉన్న క్రేట్‌లన్నిటినీ (రస్ట్ ప్యాకేజీల్ని) కొత్త కంపైలర్‌తో కట్టి ఏవి విరిగాయో చూస్తారు. మన స్థాయికి తగ్గట్టు అదే చేశాను. మా మీద ఆధారపడతామని పైపీఐలో ప్రకటించుకున్న ప్యాకేజీల కోడ్ తెచ్చి, పాత రీడర్ పిలిస్తే పేలిపోయేలా మార్చిన మా లైబ్రరీతో వాటి టెస్టులు నడిపాను, నెట్ లేని కంటెయినర్‌లో. రెండు విరిగాయి. రెండిటికీ పుల్ రిక్వెస్ట్ పంపాను. ఒకటి గంటలో కలిపేశారు. రెండోది ఇంకా అలాగే ఉంది.

19వ రోజు

బయటికి కనిపించని కోడ్ మిగిలింది. ఆఫీసుల్లో, ప్రయోగశాలల్లో ఉండేది. దాన్ని మనం చూడలేం, చూడకూడదు కూడా. వాళ్లే చూసుకుని, ఇష్టమైతే చెప్పేలా చేయొచ్చు.

లైబ్రరీతోపాటు ఒక చిన్న కమాండ్ కలిపాను. దాన్ని మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో నడిపితే, పైథాన్ సింటాక్స్ ట్రీ మాడ్యూల్‌తో ఫైళ్లని చదివి, మా ఫంక్షన్లలో ఏది ఎన్నిచోట్ల పిలిచారో తెర మీద చూపిస్తుంది. అంతే. ఎక్కడికీ పంపదు, దాంట్లో నెట్‌వర్క్ కోడ్ ఒక్క లైనూ లేదు. ఆ అవుట్‌పుట్‌ని మాకు పంపాలనిపిస్తే మీరే కాపీ చేసి పంపాలి. పంపే ముందు కళ్లతో చూస్తారు కాబట్టి నా మాట నమ్మాల్సిన అవసరం కూడా లేదు.

మొదటి రూపంలో ఫైల్ దారులు కూడా చూపించాను, పనికొస్తాయని. నా ఆఫీసు ప్రాజెక్టు మీద నడిపి చూస్తే క్లయింట్ పేరు ఫోల్డర్ పేర్లలోంచి తొంగిచూసింది. తీసేశాను. ఇప్పుడు అవుట్‌పుట్‌లో మా ఫంక్షన్ పేర్లు, అంకెలు తప్ప ఇంకేమీ ఉండవు. మా జాబితాలో లేని పదం ఏదీ బయటికి రాకూడదని ఒక టెస్టు కూడా రాశాను.

లోపాలు ఉన్నాయి. మాడ్యూల్‌కి మారుపేరు పెట్టుకుని ఇంపోర్ట్ చేస్తే పట్టుకుంటుంది. ఫంక్షన్ పేరుని స్ట్రింగ్‌గా ఇచ్చి నడుస్తుండగా పిలిచేవాళ్లని పట్టుకోలేదు. ఫర్లేదు.

26వ రోజు

అవుట్‌పుట్లు రావడం మొదలైంది. గుప్పెడు. గ్రాఫ్ గీస్తే నవ్వుతారు. పైగా పంపేది శ్రద్ధ ఉన్నవాళ్లే, కాబట్టి వీటిని చూసి మొత్తం వాడకందార్ల గురించి శాతాలు చెప్పడం తప్పు. చెప్పను.

కానీ ఒక ఉత్తరం వచ్చింది. బయటి నెట్‌తో సంబంధమే లేని నెట్‌వర్క్‌లో పనిచేసే ఒకాయన, అవుట్‌పుట్‌లోని అంకెల్ని చేత్తో టైప్ చేసి పంపాడు. పాత రీడర్, 31 చోట్ల. కింద రెండు లైన్లు రాశాడు: "కొత్తదానికి మారడానికి రెండుసార్లు ప్రయత్నించాను. మా ఫైళ్లలో కొన్ని వరసలు యూటీఎఫ్-8లో, కొన్ని విండోస్-1252లో ఉంటాయి. మీ కొత్త రీడర్ మొదటి తేడా వరస దగ్గరే ఆగిపోతుంది."

పాత రీడర్‌లో నేను తెలివితక్కువగా ప్రతి వరసకీ ఎన్‌కోడింగ్‌ని (యూటీఎఫ్-8 లాంటి, అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిని) విడిగా ఊహించాను. నెమ్మది, అడ్డదిడ్డం, అందుకే కొత్తదాంట్లో ఫైల్ మొత్తానికీ ఒకే ఎన్‌కోడింగ్ అన్నాను. ఆయన ఫైళ్లు మాత్రం నిజంగానే అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి వేర్వేరు యంత్రాలు ఒకే ఫైల్ చివర వరసలు కలుపుతూ పోతే అలాగే తయారవుతాయి. నా టెలిమెట్రీ నడిచి ఉంటే ఆ నెట్‌వర్క్ గోడ దాటి ఏమీ వచ్చేది కాదు. ఒకవేళ వచ్చినా "31" అనే వచ్చేది.

29వ రోజు

కొత్త రీడర్‌లో వరసవారీ ఎన్‌కోడింగ్ ఎంపిక కలిపాను. ముందు యూటీఎఫ్-8గా కచ్చితంగా చదువుతుంది, కుదరని వరసకి మాత్రమే వాడకందారు చెప్పిన రెండో ఎన్‌కోడింగ్ వాడుతుంది. ఊహలు లేవు. అడగకపోతే ఈ దారిలోకి వెళ్లదు, కాబట్టి మిగతావాళ్లకి వేగం తగ్గలేదు. ఆయనకి ట్రయల్ వెర్షన్ పంపాను. 31లో 29 చోట్ల పనిచేసిందని రాశాడు. మిగిలిన రెండిట్లో వరసల మధ్య నల్ బైట్లు ఉన్నాయట. అవి ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకీ అంతుపట్టలేదు.

3.0లో పాత రీడర్ ఉంటుంది, ఈసారి కనిపించే హెచ్చరికతో. 4.0లో తీసేస్తాం అని తేదీ లేకుండా రాశాం. నా తోటి మెయింటెయినర్ ఒప్పుకోలేదు, తేదీ ఉండాల్సిందే అంది. చర్చ నడుస్తోంది.

ఈలోగా కమాండ్‌కి మొదటి బగ్ వచ్చింది. నోట్‌బుక్ ఫైళ్లని (కోడ్, దాని ఫలితాలు ఒకేచోట ఉండేవి) అది చూడట్లేదు. అవి జేసన్, పైథాన్ కోడ్ లోపల సెల్స్‌లో స్ట్రింగులుగా ఉంటుంది. పట్టికలు చదివేవాళ్లలో సగం మంది నోట్‌బుక్‌లలోనే బతుకుతారని నాకు ముందే తట్టాల్సింది. సెల్స్ విప్పే కోడ్ సగం అయింది. శాతం గుర్తుతో మొదలయ్యే మ్యాజిక్ లైన్ల దగ్గర పార్సర్ ఆగిపోతోంది, రేపు దాని సంగతి చూడాలి.